కోతపడే మానవత్వం: టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో సైబోర్గ్ పాత్రల నిర్మాణం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాత్ర వర్ణనతో పాటు నియమాలతోనూ అంకెలతోనూ రూపొందుతుంది. యాంత్రికదేహం గల సైబోర్గ్ పాత్ర విషయంలో ఈ అంకెలు కేవలం క్రీడాసౌకర్యం కోసం ఏర్పడినవి కావు. మనిషితనం శరీరంలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు అవి సమాధానం చెబుతాయి. ‘సైబర్‌పంక్’, ‘షాడోరన్’, ‘ఎక్లిప్స్ ఫేజ్’, ‘ఎబెరాన్’ ఆటల నియమాలను ఆధారం చేసుకొని, యాంత్రికదేహాన్ని నష్టంగా, వస్త్రంగా, జన్మగా భావించిన మూడు నిర్మాణపద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వైకల్య అధ్యయనాల వెలుగులో మొదటి పద్ధతిలోని లోపాన్నీ, దానిలోని నాటకీయబలాన్నీ తూచి, పాత్రనిర్మాణంలో ఔచిత్యం ఎక్కడ ఉన్నదో నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: సైబోర్గ్, రోల్‌ప్లేయింగ్ ఆటలు, యాంత్రికదేహం, పాత్రనిర్మాణం, వైకల్య అధ్యయనాలు, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:
నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా లోకాన్నీ, సన్నివేశాన్నీ, ఎదురయ్యే వ్యక్తులనూ మాటలతో నిర్మిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం పలుకుతుందో చెబుతారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు తీర్పునిస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో వెలువడడంతో ఈ ప్రక్రియకు ముద్రితరూపం ఏర్పడింది. గడిచిన ఐదు దశాబ్దాల్లో ఇది అనేక శాఖలుగా విస్తరించింది.

ఈ ప్రక్రియలో పాత్రకు ఆధారం ఒక కాగితం. దానిని పాత్రపత్రం అనవచ్చు. బలం, చురుకుదనం, బుద్ధి, సహానుభూతి వంటి గుణాలు అందులో అంకెలుగా నమోదవుతాయి. నవలాకారుడు తన పాత్రకు ఇనుపచేయి ఉందని ఒక వాక్యం రాసి, దాని అర్థాన్ని పాఠకుడి ఊహకు వదిలివేయగలడు. ఆట రూపకర్తకు ఆ వెసులుబాటు లేదు. ఇనుపచేయి వల్ల ఏ అంకె పెరుగుతుందో, ఏ అంకె తరుగుతుందో అతడు నిర్ణయించి తీరాలి. అందువల్ల ఇక్కడ నియమమే వ్యాఖ్యానం. నియమాన్ని సాహిత్యపాఠంగా చదవవలసిన అవసరం ఇక్కడే పుడుతుంది.

2. సైబోర్గ్ – పదం, భావన:
‘సైబోర్గ్’ అనే పదాన్ని 1960లో మాన్‌ఫ్రెడ్ క్లైన్స్, నాథన్ క్లైన్ ప్రయోగించారు. సైబర్నెటిక్స్, ఆర్గానిజం అనే రెండు మాటల కలయిక అది. అంతరిక్షంలోకి భూవాతావరణాన్ని మోసుకుపోవడం కంటే, అక్కడ మనగలిగేటట్లు మానవదేహాన్నే సవరించడం మేలన్నది వారి ప్రతిపాదన. అంటే ఈ పదం పుట్టుకలో నష్టమన్న ధ్వని లేదు. దేహభారాన్ని తగ్గించి మనిషిని మరింత స్వేచ్ఛాజీవిని చేయాలన్న ఆశ ఉన్నది.

1985లో డోనా హారవే తన ‘సైబోర్గ్ మానిఫెస్టో’ వ్యాసంలో ఈ పదాన్ని సామాజికతత్త్వంలోకి తెచ్చారు. మనిషికీ జంతువుకూ, జీవికీ యంత్రానికీ, భౌతికానికీ అభౌతికానికీ మధ్య గీసిన గీతలు చెరిగిపోయాయనీ, ఆ చెరుగుదలలో విముక్తికి అవకాశం ఉన్నదనీ ఆమె వాదించారు. పదం కొత్తదే గాని లోహావయవం గల దేహాన్ని ఊహించడం కొత్త కాదు. ఋగ్వేదం మొదటి మండలం 116వ సూక్తంలో, పోరులో కాలు తెగిన విశ్పలకు అశ్వినీదేవతలు లోహపు కాలు అమర్చిన ప్రస్తావన ఉన్నది. విశ్పల స్త్రీయా, గుర్రమా అన్న విషయంలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే ఆ సూక్తంలో లోహపు కాలు దేవతల దయకు చిహ్నమే గాని, పొందినవారి తరుగుదలకు చిహ్నం కాదు. ఈ అంశాన్ని గుర్తుంచుకుంటే తరువాతి చర్చ సుగమమవుతుంది.

3. ఆటలో పాత్ర స్వరూపం:
భారతీయ నాట్యచింతనలో అనుకార్యుడు, అనుకర్త, సామాజికుడు అనే ముగ్గురు వేర్వేరు. రాముడు అనుకార్యుడు, నటుడు అనుకర్త, చూసి రసం పొందేవాడు సామాజికుడు. వీరికి వెనుక కవి ఉంటాడు. రోల్‌ప్లేయింగ్ ఆటలో కవి, నటుడు, సామాజికుడు అనే మూడు స్థానాలూ ఒకే వ్యక్తిలో కలిసిపోతాయి. ఆటగాడు పాత్రను కల్పిస్తాడు, ధరిస్తాడు, దాని కథను తానే విని స్పందిస్తాడు. ప్రేక్షకుల కోసం వేరే ఆసనాలు ఉండవు.

ఈ ఏకత్వం వల్ల దేహానికి సంబంధించిన నియమం ఆటగాడిని సూటిగా తాకుతుంది. నవలలో సైబోర్గ్ క్రూరుడిగా మారితే పాఠకుడు దూరం నుంచి చూస్తాడు. ఆటలో పాత్ర క్రూరుడిగా మారాలని నియమం శాసిస్తే, ఆటగాడు ఆ మార్పును తన నోటితో పలకాలి. అదే బల్ల దగ్గర కృత్రిమపాదం ధరించిన ఆటగాడు ఉన్నప్పుడు ఆ శాసనం ఎలా వినిపిస్తుందన్నది ఊహకు మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు.

4. దేహం నష్టంగా – సైబర్‌పంక్, షాడోరన్:
మైక్ పాండ్‌స్మిత్ రూపొందించిన ‘సైబర్‌పంక్’ 1988లో వెలువడింది. 1990లో ‘సైబర్‌పంక్ 2020’, 2020లో ‘సైబర్‌పంక్ రెడ్’ వచ్చాయి. ఈ ఆటలో ప్రతి పాత్రకూ సహానుభూతి అనే గుణం ఉంటుంది. దానిని పదితో హెచ్చవేస్తే మానవత్వాంకం వస్తుంది. శరీరంలో అమర్చుకొనే యాంత్రిక పరికరాలను సైబర్‌వేర్ అంటారు. ఒక్కో సైబర్‌వేర్ మానవత్వాంకంలో కొంత కోత విధిస్తుంది. మానవత్వం పది తగ్గిన కొద్దీ సహానుభూతి ఒక మెట్టు దిగుతుంది. అది పూర్తిగా అడుగంటినప్పుడు పాత్ర ‘సైబర్‌సైకో’గా మారి, ఆటగాడి చేయి దాటి గేమ్ మాస్టర్ వశమవుతుంది.

ఒక ఉదాహరణతో దీనిని గ్రహించవచ్చు. ‘రెడ్’ నియమాల ప్రకారం సహానుభూతి 6 ఉన్న పాత్రకు మానవత్వాంకం 60. పాత్రనిర్మాణ సమయంలో ఒక యాంత్రికహస్తానికి 7 అంకెల కోత. రెండు చేతులు అమర్చుకుంటే 14 పోయి 46 మిగులుతుంది. సహానుభూతి 4కు దిగుతుంది. ఎదుటివారి మనసును పసిగట్టడం, సంభాషణలో మాట రాబట్టడం అనే నైపుణ్యాలు ఈ ఆటలో సహానుభూతిపైనే ఆధారపడి ఉంటాయి. కనుక చేతులు మారినందువల్ల ఆ వ్యక్తికి మనుషులను చదివే శక్తి తగ్గుతుంది. చేతికీ మనసుకూ మధ్య ఈ సంబంధాన్ని కల్పించింది శరీరశాస్త్రం కాదు, నియమం.

1989లో ఫాసా సంస్థ ప్రచురించిన ‘షాడోరన్’ ఇదే ఆలోచనను మరో పరిభాషలో చెప్పింది. ఇక్కడ ప్రతి పాత్రకూ ‘ఎసెన్స్’ అనే గుణం 6తో మొదలవుతుంది. సైబర్‌వేర్ అమర్చిన కొద్దీ అది తరుగుతుంది, దానితో పాటు మంత్రశక్తీ క్షీణిస్తుంది. ఎసెన్స్ సున్నాకు చేరితే సాధారణంగా మరణమే. మంత్రమూ యంత్రమూ ఒకే లోకంలో ఉన్న ఈ ఆటలో, ఒకే పాత్ర రెంటినీ దోచుకోకుండా ఈ నియమం కట్టడి చేస్తుంది.

అయితే ‘షాడోరన్’ నియమావళిలో విమర్శకుడు ఆగి చూడవలసిన అంశం ఒకటున్నది. సైబర్‌వేర్‌లో శ్రేణులున్నాయి. సాధారణ శ్రేణి కంటే ‘ఆల్ఫావేర్’, దానికంటే ‘బీటావేర్’, ‘డెల్టావేర్’ ఖరీదైనవి. ధర పెరిగిన కొద్దీ ఎసెన్స్ కోత తగ్గుతుంది. ఎసెన్స్‌ను ఆత్మసారంగా గ్రహిస్తే, ధనికుడి ఆత్మ కంటే పేదవాడి ఆత్మ త్వరగా అరుగుతుందని ఈ పట్టిక చెబుతున్నది. కార్పొరేషన్లు పాలించే లోకాన్ని చిత్రించే ఆటకు ఇది అతకని నియమం కాదు. నిజానికి నియమావళిలోని అత్యంత వాడియైన సామాజికవ్యాఖ్య ఇదే. ధరల పట్టికలో ఒదిగి ఉన్నందువల్ల అది సులభంగా కంటపడదు.

5. నష్టపద్ధతిపై విచారణ:
ఈ పద్ధతిని సమర్థించే వాదాలు రెండున్నాయి. మొదటిది క్రీడాసమతౌల్యం. మూల్యం లేకపోతే ప్రతి ఆటగాడూ దొరికిన ప్రతి పరికరాన్నీ తగిలించుకుంటాడు, పాత్రల మధ్య భేదం నశిస్తుంది. డబ్బు ఒక్కటే మూల్యమైతే ఆట సాగిన కొద్దీ అది చేరుతుంది గనుక కట్టడి నిలవదు. రెండవది నాటకీయత. శక్తి కోసం తనను తాను కొంచెం కొంచెంగా అమ్ముకొనే మనిషి కథ విషాదాంతానికి తగిన వస్తువు. మరొక పరికరం అమర్చుకుంటే పోరు గెలవవచ్చు, కాని తాను తానుగా మిగలకపోవచ్చు. ఈ సందిగ్ధాన్ని ఆటగాడి చేతిలో పెట్టడంలో ‘సైబర్‌పంక్’ సాధించిన విజయం తక్కువది కాదు. పాత్ర గేమ్ మాస్టర్ వశమయ్యే క్షణంలో, స్వాధీనం తప్పడమనే అనుభవం కథలోని పాత్రకూ బల్ల దగ్గరి ఆటగాడికీ ఒకేసారి కలుగుతుంది. వస్తువుకూ రూపానికీ ఇంతటి పొత్తు ఇతర ప్రక్రియల్లో అరుదు.

లోపం మరోచోట ఉన్నది. ఈ పద్ధతి మొదటి ముద్రణల్లో పూరణకూ అదనానికీ మధ్య తగిన భేదం పాటించలేదు. ప్రమాదంలో చేయి పోయినవాడు పెట్టించుకున్న చేయీ, ఆరోగ్యంగా ఉన్న చేతిని తీయించి ఆయుధం అమర్చుకున్నవాడి చేయీ ఒకే పట్టికలో, ఒకే కోతతో ఉన్నాయి. కోరిక వేరు, అవసరం వేరు. రెంటికీ ఒకే శిక్ష విధించినప్పుడు నియమం దురాశను కాక దేహాన్ని దండిస్తున్నది.

డేవిడ్ మిచెల్, షారన్ స్నైడర్ 2000లో వెలువరించిన ‘నెరేటివ్ ప్రాస్థెసిస్’ గ్రంథం ఇక్కడ ఉపకరిస్తుంది. సాహిత్యం వైకల్యాన్ని తన కథనానికి ఊతకర్రగా వాడుకుంటుందనీ, పాత్ర శరీరంలోని భేదాన్ని అంతరంగ దోషానికి గుర్తుగా మార్చడం అందులో ఒక అలవాటనీ వారి వాదసారాంశం. రామాయణంలో మంథర గూనికీ ఆమె దుర్బోధకూ కుదిరిన జోడింపు మన పాఠకులకు సుపరిచితమే. ‘సైబర్‌పంక్’ నియమం ఈ అలవాటును మరింత ముందుకు తీసుకువెళ్లింది. కావ్యంలో అది సూచన మాత్రమే. ఆటలో అది గణితం.

వాస్తవజీవితం ఈ గణితాన్ని సమర్థించదు. రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథి కృషితో 1960ల చివర రూపొందిన జైపూర్ పాదం అసంఖ్యాకులను తిరిగి నడిపించింది. ఆ పాదంతో మళ్లీ నాట్యరంగంలో నిలిచిన సుధాచంద్రన్ జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ చిత్రాన్ని తీశారు. సుధాచంద్రనే అందులో కథానాయిక. తెలుగు ప్రేక్షకులు ఆ కృత్రిమపాదంలో చూసినది తరిగిన సహానుభూతిని కాదు. నాట్యం భావాన్ని ఎదుటివారికి అందించే కళ. ‘సైబర్‌పంక్’ పట్టిక తగ్గిందని చెప్పే శక్తి కూడా సరిగ్గా అదే.

ఈ విమర్శను ఆట రూపకర్తలు విననివారు కాదు. ‘సైబర్‌పంక్ రెడ్’లో సాధారణదేహస్థాయికి చేర్చడానికి మాత్రమే అమర్చే వైద్యశ్రేణి పరికరాలకు మానవత్వనష్టం లేదని పేర్కొన్నారు. దారుణ అనుభవాల వల్ల కూడా మానవత్వం తగ్గవచ్చని చేర్చారు. చికిత్సతో కొంత తిరిగి పొందే మార్గం చూపారు. అయితే నష్టం విధించే ప్రతి సాధారణ పరికరమూ మానవత్వపు గరిష్ఠపరిమితిని 2 అంకెలు తగ్గిస్తుంది. పై ఉదాహరణలోని పాత్ర ఎంత చికిత్స పొందినా 56 దాటలేదు. సవరణ సగం దూరమే నడిచింది. పూరణకు క్షమాపణ లభించింది గాని, లోహమే నష్టహేతువన్న మూలభావన నిలిచే ఉన్నది.

దీనికి ప్రత్యామ్నాయం ముందునుంచే ఉన్నది. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ ఆటలో పాత్రను నిర్ణీత పాయింట్లతో నిర్మిస్తారు. ఒక చేయి లేకపోవడమనే లోపాన్ని స్వీకరిస్తే పాయింట్లు లభిస్తాయి. పరికరం ఆ లోపాన్ని ఎంతమేరకు తీరుస్తుందో అంతమేరకు ఆ పాయింట్లు తగ్గుతాయి. ఇక్కడ పరికరం పరికరమే. దానికి ఆత్మతో లావాదేవీ లేదు. సమతౌల్యం కోసం మానవత్వాన్నే తాకట్టు పెట్టాలన్న వాదం ఈ ఒక్క ఉదాహరణతో బలహీనపడుతుంది. అయితే ‘గర్ప్స్’ పద్ధతిలో విషాదానికి చోటు తక్కువ. జమాఖర్చు సరిపోతుంది, గుండె మాత్రం కదలదు.

6. దేహం వస్త్రంగా – ఎక్లిప్స్ ఫేజ్:
2009లో వెలువడిన ‘ఎక్లిప్స్ ఫేజ్’ పాత్రను రెండుగా విభజించింది. జ్ఞాపకాలు, నైపుణ్యాలు, స్వభావం కలిసినది ‘ఈగో’. అది ధరించే దేహం ‘మార్ఫ్’. మార్ఫ్ జీవదేహం కావచ్చు, పూర్తిగా యాంత్రికమైన ‘సింథ్‌మార్ఫ్’ కావచ్చు. ఒక దేహం విడిచి మరొకటి ధరించడం ఈ లోకంలో నిత్యకృత్యం. జీర్ణవస్త్రాలు విడిచి కొత్తవి కట్టుకొనే ఉపమానాన్ని గీతలోనూ, పరకాయప్రవేశాన్ని శంకరుల గాథలోనూ ఎరిగిన పాఠకులకు ఈ విభజన వింతగా తోచదు.

కాని ఈ ఆట దేహాన్ని పూర్తిగా ఉపేక్షించలేదు. కొత్త దేహంలో ప్రవేశించినప్పుడు అవయవాలు స్వాధీనమయ్యాయా, అద్దంలోని ముఖం తనదనిపిస్తున్నదా అన్న రెండు అంశాలకూ పాచికలు వేసి పరీక్షించాలి. విఫలమైతే మానసికమైన ఒత్తిడి. ఈ ఒత్తిడి లోహం వల్ల కలిగేది కాదు, అపరిచయం వల్ల కలిగేది. మాంసదేహంలోకి మారినా అదే పరీక్ష. లోహాన్ని నిందించకుండా దేహానుభవానికి బరువు ఇవ్వవచ్చునని ఇది నిరూపించింది.

మరింత విలువైన అంశం సామాజికమైనది. భూమి వినాశనం తరువాత దేహాలు పోగొట్టుకొని మనసులు మాత్రమే మిగిలిన శరణార్థులు, చవకగా దొరికే సింథ్‌మార్ఫ్‌ల కోసం వెట్టి ఒప్పందాలకు లోబడతారు. నడిస్తే చప్పుడు చేసే వీరి దేహాలను బట్టి లోకం వీరిని హేళనగా పిలుస్తుంది. ఇక్కడ యాంత్రికదేహం మనిషితనాన్ని తగ్గించదు. ఆ దేహం గలవారిని తక్కువగా చూసే సమాజం ఉన్నది. తరుగుదల పాత్రపత్రం నుంచి చూపరుల కంటికి మారింది. ‘సైబర్‌పంక్’ వేసిన ప్రశ్నకు ఇది సరైన దిక్కున జరిగిన జరుగుబాటు. అయితే దేహాలు ఇంత సులువుగా మారే చోట ఏ దేహమూ ఆటగాడికి ప్రియం కాకుండా పోయే ప్రమాదమున్నది. పోగొట్టుకోవడానికి భయం లేని దేహం వర్ణనకు మాత్రమే మిగులుతుంది.

7. దేహం జన్మగా – ఎబెరాన్‌లోని వార్‌ఫోర్జ్‌డ్:
కీత్ బేకర్ సృష్టించిన ‘ఎబెరాన్’ లోకం 2004లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పరంపరలో వెలువడింది. అందులోని ‘వార్‌ఫోర్జ్‌డ్’ జాతివారు కట్టె, రాయి, లోహాలతో యుద్ధం కోసం తయారైనవారు. ఖచ్చితమైన అర్థంలో వీరు సైబోర్గ్‌లు కారు, ఎందుకంటే వీరికి పోగొట్టుకున్న మాంసదేహం లేదు. ఆ కారణంగానే పోలికకు వీరు అవసరం. యుద్ధాన్ని ముగించిన త్రోన్‌హోల్డ్ సంధి వీరిని ఆస్తి కాదని, స్వతంత్రులని ప్రకటించింది. ఆయుధంగా పుట్టినవాడు యుద్ధం లేని లోకంలో ఎందుకు బ్రతకాలన్నది వీరి మూలప్రశ్న.

ఈ ప్రశ్నను నియమం చక్కగా పట్టుకున్నది. 2004 నాటి నియమాల్లో వార్‌ఫోర్జ్‌డ్‌కు ఆహారం, నిద్ర, శ్వాస అక్కరలేదు. గాయపడితే వైద్యమంత్రం సగమే పనిచేస్తుంది. కమ్మరిపని వంటి చేతివృత్తుల నైపుణ్యంతో మరమ్మతు చేయవచ్చు. గాయపడినవాడిని వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలా, కమ్మరి దగ్గరకా అన్న సందేహంలోనే వాడు వ్యక్తా, వస్తువా అన్న ప్రశ్న ఇమిడి ఉన్నది. 2019లో వచ్చిన ఐదవ ముద్రణ నియమాల్లో వైద్యమంత్రం ఇతరులకు పనిచేసినట్లే వీరికీ పనిచేస్తుంది. ఆడడం సులువైంది, పాత్రకు సమానత్వమూ దక్కింది. కాని ఆ సందేహం వల్ల పుట్టే సన్నివేశాలు కొన్ని జారిపోయాయి. నియమాన్ని సరళం చేయడం ఎల్లప్పుడూ లాభమే కాదనడానికి ఇది నిదర్శనం.

8. పాత్రనిర్మాణంలో ఔచిత్యం:
క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. ఏది దేనికి తగునో అది అక్కడ ఉండడమే ఔచిత్యం. ఈ కొలమానంతో చూస్తే సైబోర్గ్ పాత్రకు మూల్యం ఉండడం అనుచితం కాదు, మూల్యాన్ని తగని చోట తగిలించడమే అనుచితం. ‘సైబర్‌పంక్’ లోకంలో భయంకరమైనది లోహం కాదు. చేయి ఎవరి అప్పుతో వచ్చింది, దానిని మరమ్మతు చేసే హక్కు ఎవరిది, కంతు కట్టకపోతే ఎవరు వచ్చి ఊడదీస్తారు అన్నవే భయంకరం. ఆ ఆట కథాలోకమంతా ఈ ప్రశ్నలతో నిండి ఉండగా, మానవత్వాంకం మాత్రం వాటిని వదలి చర్మం కింద వెదుకుతుంది. లోకం చెప్పేది ఒకటి, పట్టిక చెప్పేది మరొకటి. రెండూ కలిసిన చోట, అంటే ‘షాడోరన్’ శ్రేణుల పట్టికలోనూ, ‘ఎక్లిప్స్ ఫేజ్’ వెట్టి ఒప్పందాల్లోనూ ఈ ప్రక్రియ తన పూర్తిబలాన్ని చూపింది.

దీనినుంచి పాత్రకర్తకు ఉపయోగపడే కొన్ని ప్రశ్నలు తేలుతాయి. పరికరం అవసరం వల్ల వచ్చిందా, కోరిక వల్లనా, బలవంతం వల్లనా? దాని పోషణభారం ఎవరిది? అది ఇంద్రియానుభవాన్ని ఎలా మార్చింది? వేడి తెలియని చేతితో బిడ్డను ఎత్తుకొనేవాడు దేనిని చూసి జాగ్రత్తపడతాడు? ఈ ప్రశ్నలకు జవాబులున్న పాత్రకు మానవత్వాంకం లేకపోయినా బరువుంటుంది. జవాబులు లేని పాత్రకు ఎంత కోత విధించినా అది అంకెల మూటగానే మిగులుతుంది.

2020లో సారా థాంప్సన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఐదవ ముద్రణ కోసం ‘కంబాట్ వీల్‌చైర్’ నియమాలను ఉచితంగా విడుదల చేయడం ఈ సందర్భంలో గమనార్హం. చక్రాలకుర్చీ గల వీరుడికి కుర్చీని శిక్షగా కాక సాధనంగా ఇచ్చిన నియమాలవి. మంత్రంతో ఏ గాయమైనా మానే లోకంలో చక్రాలకుర్చీ ఎందుకన్న ఆక్షేపణ వచ్చింది. తనలాంటి దేహంతోనే వీరుడు కావాలన్న ఆటగాడి కోరికకు ఆ ఆక్షేపణలో స్థానం లేదు. పాత్రను ధరించేవాడే దాని సామాజికుడు కూడా కావడం వల్ల ఈ కోరికను పక్కన పెట్టే అధికారం రూపకర్తకు లేదు.

9. ముగింపు:
యాంత్రికదేహాన్ని నష్టంగా లెక్కించిన పద్ధతి విషాదాన్ని సాధించింది గాని అవసరాన్ని నేరంగా చూసింది. వస్త్రంగా భావించిన పద్ధతి లోహాన్ని నిందనుంచి విడిపించింది గాని దేహమమకారాన్ని పలుచన చేసింది. జన్మగా స్వీకరించిన పద్ధతి వ్యక్తికీ వస్తువుకూ మధ్యనున్న సందేహాన్ని సన్నివేశంగా మలచింది, తరువాతి సవరణలో కొంత జారవిడిచింది. మూడింటిలోనూ మేలైన ఘట్టాలు దేహం ఏ పదార్థంతో తయారైందన్నదానిని వదలి, దేహంపై అధికారం ఎవరిదన్నదానిని పట్టుకున్నప్పుడే ఏర్పడ్డాయి.

తెలుగు సాహిత్యవిమర్శ నవల, నాటకం, చలనచిత్రాల పాత్రలను విశ్లేషించడానికి సమకూర్చుకున్న పరికరాలు ఈ క్రీడాప్రక్రియకూ అన్వయిస్తాయి. అయితే ఇక్కడ వర్ణనతో పాటు పట్టికనూ, సంభాషణతో పాటు పాచికనూ చదవాలి. ఒక అంకె వెనుక ఒక మనిషిని గురించిన తీర్పు దాగి ఉండవచ్చు. కృత్రిమపాదంతో బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్న ఆటగాడు ఆ తీర్పును అందరికంటే ముందు చదువుతాడు. నియమం రాసేవాడు మొదట గుర్తుంచుకోవలసిన పాఠకుడు అతడే.